గోడలో మిగిలిన పైపు

మా ఇంట్లో నీళ్ళ పైపులన్నీ బూడిదరంగు ప్లాస్టిక్‌వి. కెనడాలో, ఈ ఎడ్మంటన్‌లో మేము ఈ ఇల్లు కొన్న రోజుల్లో అవే గొప్ప. ఇప్పుడేమో అవి ఎప్పుడు పగులుతాయో తెలీదనీ, మార్చకపోతే పాలసీ ఇచ్చేది లేదనీ ఇన్సూరెన్సు వాళ్ళు తెగేసి చెప్పారు. నా భార్య డార్కా ఉంటే వాళ్ళను దులిపేసేది. తను మొన్న వసంతంలో పోయింది. నాకు పోట్లాడే ఓపిక లేదు, సరే అన్నాను.

పైపులు మార్చడానికి వచ్చిన ప్లంబర్ పేరు లోర్నా. యాభై దాటిన మనిషి, నోరు ఊరుకోదు. వస్తూనే గోడలకు ఎక్కడపడితే అక్కడ కన్నాలు కోసింది. ఎర్రవీ నీలంవీ కొత్త పైపులు లాగింది. పాతవాటిని మాత్రం రెండు చివర్లా కోసి గోడలోనే వదిలేసింది.

"వాటిని పీకవా?" అన్నాను.

"పీకాలంటే ఇల్లంతా విప్పాలి పెద్దాయనా. పడుంటాయిలెండి, మిమ్మల్నేమన్నా తిండి అడుగుతాయా?"

ఏ పైపు ఎక్కడికి పోతుందో తేల్చుకోవడానికి ఆమెకొక పద్ధతి ఉంది. తను నేలమాళిగలో నిలబడి పైపు చివర నోరు పెట్టి ఊదుతుంది. నేను మేడమీద స్నానాల గదిలో, గోడ కన్నం దగ్గర కూర్చుని, గాలి ఏ పైపులోంచి వస్తోందో చెప్పాలి.

"వస్తోందా?" ఆమె గొంతు నా పక్కనుంచే వచ్చినట్టు వినిపించింది.

"వస్తోంది. పొద్దున్నే ఉల్లిపాయ తిన్నట్టున్నావు."

"ముద్దు పెట్టమని నేనేం అడగలేదుగా," అంది పైపులోంచే.

నవ్వాను. ఆ ఇంట్లో నేను నవ్వి చాలా నెలలైంది.

డిసెంబర్లో మాకు మధ్యాహ్నం కాఫీ తాగి లేచేసరికే చీకటి పడిపోతుంది. లోర్నా ఆలోపే సామాను సర్దుకుంది. "గోడలు పూడ్చేవాడు రేపొస్తాడు. ఈ కన్నాల్లోంచి చలి కొడుతుంది, ఏదన్నా కప్పుకోండి," అని చెప్పి వెళ్ళిపోయింది. బయట మంచు పడుతోంది. ఆమె బండి చప్పుడు వీధి చివరిదాకా కూడా వినిపించలేదు.

ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. గోడల లోపలి వాసన గదుల్లోకి వచ్చింది. పాత చెక్క, తెల్లటి పొడి, ఎన్నడో ఇంకిపోయిన తడి. బీట్‌రూట్ సూపు వెచ్చబెట్టుకుని సగం తిని వదిలేశాను. తర్వాత మేడెక్కి ఆ కన్నం దగ్గర మళ్ళీ కూర్చున్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఆ పగలు ఆ పైపుతో మాట్లాడినంత ఈ మధ్య నేను మనుషులతో మాట్లాడలేదు.

ఆస్పత్రిలో డార్కా గొంతులో గొట్టం పెట్టారు. మాట్లాడకుండానే పోయింది. నా చెయ్యి నొక్కేది, అంతే. ఏదో చెప్పాలనుకుందని నాకు తెలుసు. ఆ ఒక్క మాట కోసమే నేనింకా ఈ ఇంట్లో తిరుగుతున్నాను.

కోసిన పైపు దగ్గర నోరు పెట్టాను. "డార్కా... ఉన్నావా?"

చప్పుడు లేదు.

తర్వాత గాలి వచ్చింది. మెల్లగా... వెచ్చగా... నా పెదవులకు తగిలింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. కింద ఎవరో ఊదుతున్నారు.

నాకు భయం వెయ్యలేదు. సంతోషమేసింది. ఏడుపొచ్చేంత సంతోషం.

"వస్తున్నా, ఉండు," అని గబగబా మెట్లు దిగాను.

నేలమాళిగలో ఎవరూ లేరు. ఉన్న ఒక్క బల్బు వెలుగు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు దాకానే పోతుంది, దాని వెనక మూల ఎప్పుడూ చీకటే. పైపు కింది చివర గోడలోంచి వేలాడుతోంది. దానికి చెవి ఆనించాను.

ముందు ఏమీ లేదు. తర్వాత మేడమీది నుంచి ఒక ముసలి గొంతు...

"డార్కా... ఉన్నావా?"

నా గొంతే. ఇందాక నేనన్న మాటే. అంత దిక్కులేనట్టు అడిగానని నాకప్పటిదాకా తెలీదు.

ఆ గొంతు పక్కనే, ఆనుకుని కూర్చున్నంత దగ్గరగా, ఇంకో గొంతు.

"ఇక్కడే ఉన్నాను ఓరెస్ట్. నీ పక్కనే. కిందికి మాత్రం వెళ్ళకు. ఆ ఊదేది నేను కాదు."

డార్కా గొంతు...

"వస్తున్నా, ఉండు," అంది పైన నా గొంతు.

"నా మాట విను... వెళ్ళకు..."

అప్పటికే నేను కింద ఉన్నాను.

నేలమాళిగ తలుపు కిర్రుమంది. అడుగులు. ఎడమకాలు కొంచెం ఈడ్చే నా అడుగులు. మెట్లమీద ఎవరూ లేరు. అడుగులు మాత్రం దిగాయి. నా పక్కనుంచే పోయాయి. ఫర్నేసు వెనక మూలలోకి పోయాయి... ఆగాయి. అక్కడ ఎవరో నెమ్మదిగా ఊపిరి వదిలారు.

ఎలా పైకొచ్చానో నాకే తెలీదు. తెల్లారేదాకా మేడమీది కన్నం దగ్గర కూర్చుని డార్కాను పిలిచాను. ఆమె పలకలేదు. మూలలోకి పోయిన అడుగులు కూడా తిరిగి మెట్లెక్కలేదు.

మర్నాడు గోడలన్నీ పూడ్చేశారు. కింద వేలాడే ఆ పైపు చివరను మాత్రం ముట్టుకోవద్దన్నాను.

"దాంతో మీకేం పని?" అంది, పని సరిచూడ్డానికి వచ్చిన లోర్నా.

"ఉండనీ."

నా మొహం చూసింది. చేతిలో రంపం పెట్టెలో పెట్టేసుకుంది.

డార్కా గొంతు కిందనుంచి వింటేనే వినిపిస్తుంది. అందుకే రోజూ చీకటి పడగానే దిగుతాను. పైపు కింద కుర్చీ వేసుకున్నాను, ఆ మూలకు వీపు పెట్టి. పైన డార్కా ఏడుస్తుంటుంది. నేను వెళ్ళిపోయాననుకుంటోంది. "ఇక్కడే ఉన్నానే," అంటాను పైపులోకి. ఆమెకు వినపడదు.

నిన్న దిగేసరికి కుర్చీ మూలవైపు తిరిగి ఉంది.

దాన్ని వెనక్కి తిప్పలేదు. అలాగే కూర్చున్నాను.