పదిహేడో వారం

పొద్దున తొమ్మిదైంది. బోరబండలోని ఆ రెండు గదుల ఇంట్లో రసజ్ఞ ఇంకా మంచం దిగలేదు. ఒళ్లో పుస్తకం. ఆమె మూడో తరగతిలో ఉన్నప్పుడు వారపత్రికలో వచ్చిన ‘ఎగిరే గాడిద’ సీరియల్ అది. ప్రెస్సులో బైండింగ్ పని చేసే నాన్న రామచంద్రం వారం వారం పేజీలు కత్తిరించి, దారంతో కుట్టి, అట్ట వేసి ఇచ్చాడు.

ఉద్యోగం పోయి రెండు నెలలైంది. నాలుగు ఇంటర్వ్యూల్లో కాదన్నారు. ఈ రెండు నెలల్లో ఆ పుస్తకం చదవడం ఇది ఆరోసారి. గాడిద రాజుగారి కిరీటం ఎత్తుకుపోయే చోట ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వినంతసేపూ తను మళ్లీ నాన్న పక్కన చాప మీద కూర్చున్న పిల్లే, ఏ దిగులూ లేదు.

“పదకొండింటికి నానక్‌రామ్‌గూడల ఇంటర్వ్యూ పెట్టుకొని గిట్ల కూసున్నవేందే?” తల్లి కనకమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“నేను పోనమ్మా. మళ్ల వద్దనే అంటరు.”

“ముప్పై ఏండ్లొచ్చినయ్. గాడిద కథలు చదివితె నౌకరి వస్తదా?”

విసురుగా పుస్తకం లాక్కుంది. పాత దారం పుటుక్కున తెగి కాగితాలు నేలంతా పడ్డాయి.

“దాని విలువ నీకేం తెలుసు? నీ జన్మల ఒక్క కథన్న చదివినవా?” రసజ్ఞ గట్టిగా అరిచింది.

కనకమ్మకు చదువు రాదు. వంగి కాగితాలు ఏరసాగింది. గోడవారగా కూర్చున్న రామచంద్రం మాత్రం ఊరుకోలేకపోయాడు.

“పదిహేడో వారం చేతిరాతల ఉంటది గదా బిడ్డా, అది యాడిది?”

“నువ్వే లైబ్రరీల చూసి రాసుకొచ్చిన అన్నవ్.”

“అబద్ధం చెప్పిన. ఆ వారం పత్రిక యాడా దొరకలే. నీకేమో అమ్మవారు పోసింది. ఒళ్లంత మంట, గాడిదకేమైందని ఒకటే ఏడుపు. మీ అమ్మ నీకు వేపమండ విసురుకుంట కథ అల్లి చెప్పింది. నేను ఉత్తగ రాసిన, గంతే.”

రసజ్ఞ గబుక్కున నేల మీది కాగితాల వైపు చూసింది. అన్నిటికన్నా తనకిష్టమైన వారం అదే. రాజ్యమంతా బూరెలు తినే ఆ కథలో, ఆ ఒక్క వారమే కుమ్మరి ముసలమ్మ గాడిదకు సర్వపిండి రొట్టె కాల్చి పెడుతుంది. ఇన్నిసార్లు చదివినా ఆ చేతి వంట ఎవరిదో పోల్చుకోలేకపోయింది.

కింద కూర్చుని ఆ కాగితం వెతికి తీసింది. అమ్మకు చదివి వినిపించింది. రెక్కలు రాలిపోయిన గాడిద, ఇక నేనెందుకూ పనికిరానని గుంతలో పడుకుంటుంది. ముసలమ్మ దాని చెవి మెలిపెట్టి, “రెక్కలు రాకముందు నడిచే గదా తిరిగినవ్? తిను. తిని నడువు” అంటుంది.

కనకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గంత మంచిగ చెప్పిన్నా నేను? మరి ఇయ్యాల తిట్లే వస్తున్నయేందే! భయమైతుంది బిడ్డా. ఆ పుస్తకంతోనే నవ్వుతున్నవ్, మాతోని నవ్వుతలేవు.”

రసజ్ఞ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి వెక్కి వెక్కి ఏడ్చింది. రెండు నెలలుగా రాని ఏడుపు అది. ఏడ్చాక లేచి స్నానం చేసింది, ఇస్త్రీ బట్టలు కట్టుకుంది.

“పోయొస్తనమ్మా.”

గడప దాకా వచ్చిన కనకమ్మ ఆమె భుజం పట్టుకుని ఆపింది.

“నౌకరి రాకుంటె రాకపాయె. యాడా కూసోకుండ సీదా ఇంటికి రా. తిట్టను.”