లీటరు పట్టే ఇంజిన్

ఆ శనివారం పొద్దున ఆవిడ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి చేతులు అతుకుతోంది. బల్లకి ఈ చివర పెద్దకొడుకు, ఆ చివర చిన్నకొడుకు కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం కూడా లేదు. అయినా మాట మాత్రం కుట్టుమిషన్ చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే.

"అమ్మా, బండి తాళం ఎక్కడ పెట్టాడో వాణ్ణి అడుగు" అన్నాడు పెద్దవాడు.

"మేకుకే ఉందని చెప్పమ్మా. అయినా ఇప్పుడు బండి నాది, వాడికెందుకట?"

"ఊరికే అడిగాడులేరా. మేకుకే ఉందట, విన్నావుగా?"

"నువ్వు చెబితేనే విన్నట్టు."

నెల రోజులుగా ఇదే వరస. అడకత్తెరలో పోకచెక్కలా ఆవిడ నలిగిపోతోంది. చిన్నవాడు ల్యాబులో పని చేస్తాడు. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసుకొస్తాడు కాబట్టి పదింటిదాకా బండి వాడిది. పెద్దవాడు ఇళ్ళకి వెళ్ళి పిల్లలకి లెక్కలు చెబుతాడు. మధ్యాహ్నం నుంచి బండి వాడి చేతిలో ఉంటుంది. బండి మాత్రం తండ్రిది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆయనున్నన్నాళ్ళూ ఇంజిన్ ఆయిల్ సంగతి ఇంకెవరూ చూసుకోలేదు, చూసుకోనివ్వలేదు కూడా.

ఆయన లేకుండా మొదటిసారి ఆయిల్ మార్చాల్సి వచ్చేసరికి గొడవ మొదలైంది. నాన్న పదిహేనేళ్ళు పోసిన చిక్కటి ట్వంటీ-ఫార్టీ ఆయిలే పోయాలని పెద్దవాడు పట్టుబట్టాడు. బండితో వచ్చిన పుస్తకంలో పలచటి టెన్-థర్టీ అని రాసుంది, అదే పోయాలన్నాడు చిన్నవాడు. ఎడ్డెం అంటే తెడ్డెం.

"నాన్నకి తెలీదంటావా?" అన్నాడు పెద్దవాడు.

"నాన్న లేడు కదా! ఇంకెన్నాళ్ళు నాన్న, నాన్న అంటావు?" అన్నాడు చిన్నవాడు.

ఆ మాటతో ఇద్దరికీ మాటల్లేవు. ఆ బండి ఆయిల్‌తో నాకు సంబంధం లేదంటే నాకూ లేదన్నారు. పోయిన వారం చిన్నవాడు ఇంకో బాంబు పేల్చాడు. ల్యాబు దగ్గర గది చూసుకున్నాడట, ఆదివారం వెళ్ళిపోతాడట.

ఆ ఆదివారం రేపే. డబ్బాడు ఆయిల్ కోసం ఇల్లు రెండుగా చీలడమేమిటో ఆవిడకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అందుకే నిన్న, ఇద్దరూ ఇంట్లో లేని సమయం చూసి, తనే ఆయిల్ కొట్టుకి వెళ్ళింది. ఆయిల్ పోస్తే గొడవ తీరుతుందని ఆవిడ లెక్క.

"ఏ గ్రేడ్ కావాలమ్మా?" అన్నాడు కొట్టతను.

"మంచిది."

"టెన్-థర్టీయా, ట్వంటీ-ఫార్టీయా, ట్వంటీ-ఫిఫ్టీయా? మామూలుదా, సింథటిక్కా?"

కుట్టుమిషన్‌కైతే ఒక్కటే నూనె. సీసా మీద సూది బొమ్మ ఉంటుంది, కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఇక్కడ గోడ నిండా డబ్బాలే. ఒకదాని మీద మంట, ఒకదాని మీద చిరుతపులి. ఆవిడకి తల తిరిగింది. పై అరలో బంగారు రంగు డబ్బా కనబడితే, అన్నిటికన్నా ఖరీదైనది చెడ్డదెలా అవుతుందని దాన్నే చూపించింది. కొట్టతను ఏదో అడగబోయాడుగానీ, ఇంకో ప్రశ్న వినే ఓపిక లేక సంచిలో వేసుకుని వచ్చేసింది. రాత్రి ఇద్దరూ పడుకున్నాక, భర్త మూత తీసి పోయడం చూసిన గుర్తుతో, గరాటు పెట్టి సగం డబ్బా పోసి మూత బిగించింది.

ఇప్పుడు చిన్నవాడు సంచీ భుజాన వేసుకుని బయటికి వెళ్ళాడు. బండి స్టార్టయిన చప్పుడు వినబడింది, వెంటనే దగ్గు. ఆవిడ వాకిట్లోకి వచ్చేసరికి వీధంతా తెల్లటి పొగ. ఇంజిన్ గొంతు చించుకుని అరుస్తోంది, బండి మాత్రం నత్తలా పాకుతోంది.

"ఏం చేశావురా దీన్ని?" నెల రోజుల్లో మొదటిసారి చిన్నవాడు అన్న ముఖాన్నే చూసి అరిచాడు. "నిన్న సాయంత్రం నడిపింది నువ్వే!"

"నేనా? బానే తెచ్చి పెట్టానే! ఎలాగూ వదిలేసి పోతున్నానని నువ్వే ఏదో చేసుంటావు!"

"పోతున్నది బండిని చూసి కాదు, నిన్ను చూసి!"

"పోరా, పో! నాన్న మిగిల్చింది ఇదొక్కటి. దీన్నీ చంపేశావు, ఇక హాయిగా పో!"

ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. నేనేరా అని ఆవిడ అనబోయింది గానీ, ఎదురు కిటికీ చూసి కొంగు సర్దుకుని ఆగిపోయింది. గొడవ ఆపుదామని పోస్తే ఆ పోసిందే గొడవైంది. చిన్నవాడు ల్యాబులో ఇంకొకరికి ఫోన్ చేసి పని అప్పగించాడు. తర్వాత ఒకడు ముందు పట్టుకుని, ఒకడు వెనక నెడుతూ బండిని మెకానిక్ దగ్గరికి తోసుకెళ్ళారు. వెనకాలే ఆవిడ నడిచింది.

మెకానిక్‌ని అందరూ నిదానం అంటారు. ఆయన పేరుకి తగ్గట్టే నిదానంగా లేచి, కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి బోల్టు విప్పాడు. ఆయిల్ కారింది. కారుతూనే ఉంది. పళ్ళెం నిండితే ఇంకోటి పెట్టాడు.

"లీటరు పట్టే ఇంజిన్ ఇది. రెండు దాటింది" అన్నాడు. వేలితో తీసి రుద్ది చూశాడు. "ఇందులో కారు ఆయిల్ కూడా కలిసింది. అది పోస్తే క్లచ్ జారిపోతుంది, అందుకే ఇంజిన్ అరిచినా బండి కదల్లేదు. ఎవరండీ పోసింది?"

"నేనే" అంది ఆవిడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిన్న పోశాను. మీరిద్దరూ సంబంధం లేదన్నారు కదా, ఎండిపోతుందేమోనని భయమేసింది. నాకేం తెలుసురా ఏది కారుదో ఏది బండిదో!"

"ఎంత పోశారమ్మా?"

"సగం డబ్బా. అంతే."

"సగం డబ్బాకి ఇంతవ్వదు" అని నిదానం తల గోక్కున్నాడు.

చిన్నవాడు నేలకేసి చూశాడు. "బుధవారం... నేనూ అరలీటరు పోశాను. వీడు ఎలాగూ పట్టించుకోడనుకున్నా."

పెద్దవాడు వాడికేసి అదోలా చూశాడు. "నేను గురువారం పోశాన్రా. నువ్వు పట్టించుకోవనుకుని."

"తిలా పాపం తలా పిడికెడు" అన్నాడు నిదానం. "పాత ఆయిల్ తియ్యకుండా, లోపల ఎంతుందో చూడకుండా ముగ్గురూ పోశారన్నమాట. సరే, ఇప్పుడు ఏది పొయ్యమంటారు?"

"వాడు చెప్పిన టెన్-థర్టీ" అన్నాడు పెద్దవాడు.

"వద్దు, అన్నయ్య చెప్పిందే" అన్నాడు చిన్నవాడు.

ఆవిడకి మళ్ళీ అయోమయం. నెలంతా కొట్టుకున్నది దీనికోసమే కదా! నిదానం గోడ మీద అంటించిన కాగితం చూపించాడు. బైకుల ఆయిల్ అయితే చాలు, వాతావరణాన్ని బట్టి ఈ బండికి ఆ రెండు గ్రేడ్లూ పోయొచ్చట. పుస్తకంలో కింది వరుసలో కూడా అదే ఉంటుందట.

నిదానం డబ్బా తేవడానికి లోపలికి వెళ్ళాడు.

"నాకు ఆయిల్ గొడవ కాదురా" అన్నాడు పెద్దవాడు నెమ్మదిగా. "నాన్న పోసింది మానేస్తే, నాన్న పోయాడని ఒప్పుకున్నట్టు అనిపించింది."

"నాకు మాత్రం?" చిన్నవాడు అన్నవైపు తిరిగాడు. "ప్రతిదానికీ నాన్నయితే ఇలా చేసేవాడు అంటావు. నాకూ నాన్నే కదా అన్నయ్యా! ఆ ఇంట్లో ఆయన నీ ఒక్కడికే పోయినట్టుంటే, నేనెక్కడ ఏడవను?"

పెద్దవాడు మసి చేతుల్తోనే తమ్ముణ్ణి దగ్గరికి లాక్కున్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గంట తర్వాత క్లచ్ ప్లేట్లు కడిగి, కొత్త ఆయిల్ పోసి బండి చేతికిచ్చాడు నిదానం. పొగ తగ్గింది. "రేపు గది సంగతి?" అని ఆవిడ భయపడుతూనే అడిగింది.

"రానని చెప్పేస్తానమ్మా" అన్నాడు చిన్నవాడు.

"నువ్వెక్కమ్మా, వాడు నడిచొస్తాడు" అన్నాడు పెద్దవాడు. ఆవిడ ఒప్పుకోలేదు. మీరిద్దరే వెళ్ళండి, నేను నడుస్తానని ఇద్దర్నీ ఎక్కించింది. వీధి చివర మలుపు దగ్గర బండి ఆగింది. కుడికని ఒకడు, ఎడమకని ఒకడు చేతులూపుతూ అరుచుకుంటున్నారు. వాళ్ళు మాట్లాడుకోవట్లేదని నెలంతా ఏడ్చిన తల్లి, పోట్లాడుకుంటుంటే నడివీధిలో నిలబడి చూసి, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది.