తాకని అడ్డు

క్రీడామందిరం వైపు తిరగాలని వినీల అనుకునేలోపే కాలిబాట చివరి గేటు తెరుచుకుంది. ఆమె దాన్ని గమనించను కూడా లేదు. 'ముందెరుక' వచ్చి పదిహేడేళ్లయింది. ఆమె వయసూ పదిహేడే. మనిషి ఒక పని చేయబోయే అర సెకను ముందు ఒంట్లో పుట్టే సన్నని కదలికను గోడల్లోని కళ్లు పసిగట్టి తలుపులకూ ఫ్యాన్లకూ బస్సులకూ చేరవేస్తాయి. గోదావరిఖనిలో గొళ్లెం ఉన్న తలుపు ఒక్కటీ మిగల్లేదు. దుకాణంలో ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగేవాళ్లను చూసి పిల్లలు నవ్వుతారు.

ముందెరుకకు అనుమతి లేని చోటు ఒక్కటే, పోటీ జరిగే మైదానం.

మందిరం ఒకప్పటి బొగ్గు గోదాము. అందులో రెండు బళ్ల విద్యార్థులు తాము తయారుచేసిన యంత్రాలను దించుతారు. ఒకరి యంత్రం నేలమీది నల్లని బంతులను ఏరి అవతలి టబ్బులో వేయాలి. రెండోవారి యంత్రం అడ్డుకోవాలి. మూడు నిమిషాల తర్వాత పాత్రలు మారుతాయి. ఢీకొట్టకూడదు. బోల్తా కొట్టించకూడదు. మూలకు నొక్కి మూడు సెకన్లకు మించి ఆపకూడదు. పైకప్పు నుంచి 'తూకపుకన్ను' అనే తీర్పరి యంత్రం అన్నీ చూస్తుంది. మీటల మీద ఉండేవి మనిషి చేతులే.

అయితే సాధన ఎలా చేయాలన్నదానికి నియమం లేదు. వినీల బడిలో యంత్రవిద్య చెప్పే ఓదెలు సార్ దాన్ని గమనించాడు. ఫైనల్లో ఎదురుపడబోయే మంచిర్యాల అమ్మాయి జరీనా పాత మ్యాచ్‌ల రికార్డులన్నీ తెప్పించి, ముందెరుక సాయంతో ఆమె 'నీడ'ను తయారుచేశాడు. జరీనా ఎలా నడుపుతుందో తెర మీద అచ్చం అలాగే నడిపే ప్రతిరూపం అది.

"ఆమె యంత్రాన్ని ఆపుడు కాదు బిడ్డా," అన్నాడు సార్ మొదటిరోజే. "అది యాడికి పోవాలనుకుంటదో ఆడ నువ్వు ముందుగాల్నే ఉండాలె. తాకితే తప్పు. నిలబడితే తప్పు కాదు."

నలభై రోజులు, నాలుగు వేల ఆటలు. మొదట్లో నీడ ఆమెను చిత్తుగా ఓడించింది. అది గమ్మత్తుగా ఆడేది. బంతి దొరికిన సంతోషంలో యంత్రాన్ని ఒక్క చుట్టు తిప్పేది, అవసరం లేకపోయినా. వినీల ఒక్కతే కూర్చుని నవ్వుకునేది. తనతో ఒక్క మాటైనా మాట్లాడని ఆ అమ్మాయి మీద ఆమెకు ఇష్టం కూడా కలిగింది. ఇరవై రోజులు దాటాక నీడకు బంతులు దొరకడం తగ్గింది. ముప్పై అయిదో రోజుకు వినీల ఆలోచించడం మానేసింది. చేతులు వాటంతటవే వెళ్లేవి.

ఫైనల్లో మొదట అడ్డుకునే వంతు వినీలదే.

జరీనా ఎడమకు తిప్పబోయింది. వినీల యంత్రం అక్కడుంది. వెనక్కి తగ్గి గోడవెంబడి వచ్చింది. అక్కడా ఉంది. ఒక్కసారీ రెండు యంత్రాలు తగల్లేదు. మధ్యలో జానెడు ఖాళీ ఎప్పుడూ ఉంది. మొదటి నిమిషంలో జనం కేకలు వేశారు. రెండో నిమిషంలో ఎందుకో గొంతులు తగ్గాయి. జరీనా యంత్రం అటూ ఇటూ కదలబోయి ఆగింది, మళ్లీ కదలబోయి ఆగింది. ఇంకా నలభై సెకన్లు ఉండగా పూర్తిగా నిలిచిపోయింది. మీటల మీద ఆమె చేతులు అలాగే ఉన్నాయి. గంట మోగినా తీయలేదు.

సున్నా. పాత్రలు మారాక వినీల తొమ్మిది బంతులు వేసి గెలిచింది. తూకపుకన్ను తప్పుల పట్టిక చదివింది. ఒక్కటీ లేదు. 'శుద్ధక్రీడ' పతకం కూడా వినీలకే ఇచ్చారు.

మెట్ల దగ్గర జరీనా ఆమె కోసం నిలబడి ఉంది.

"నన్నెప్పుడన్న కలిసినవా నువ్వు?" అని అడిగింది.

"లేదు. నీ మ్యాచ్‌లు చూసిన."

"గంతేనా?" జరీనా కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. "నేనింకా అనుకోకముందే ఆడ ఉన్నవ్. నాలోపట ఎవరో కూసున్నట్టనిపించింది."

"మంచిగ ఆడినవ్," అంది వినీల. ఆ మాట ఎంత తప్పో అన్నాక తెలిసింది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం బడి ఆవరణలోకి ఒక నడివయసు స్త్రీ వినీల కోసం వచ్చింది. పేరు షాహీన్ అని, జరీనా తల్లినని చెప్పింది.

"మా జరీనాకు తలుపులు తెరుసుకుంటలేవు బిడ్డా," అంది.

వినీలకు మొదట అర్థం కాలేదు.

"ముందట నిలవడ్తది. తలుపు తెరుసుకోదు. కుళాయి కింద చెయ్యి వెడ్తది, నీళ్లు రావు. బస్సులు ఆగకుండనే పోతున్నయ్. మిషన్లు చెడిపోయినయనుకొని అన్ని మార్పిచ్చినం. డాక్టర్ సార్ చూసి చెప్పిండు, మిషన్లు మంచిగనే ఉన్నయంట. పిల్ల ఏదన్న చెయ్యాలనుకునేటప్పుడు ఒంట్లె ఒక కదలిక వుడ్తది గద, అది పుట్టకముందే లోపల్నే ఆపేస్తున్నదంట. ఎవరో కనిపెడ్తరని." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గసొంటి మనిషి ఉంటదని మిషన్లు చేసినోళ్లకు తెల్వదంట. ఏం చెయ్యాల్నో వాళ్లకు సుత తెల్వదంట."

"మాటలు?" అని అడిగింది వినీల.

"మొదలు తగ్గినయ్. ఇప్పుడు లేవు." షాహీన్ గొంతు తగ్గించింది. "నీ దగ్గర దాని నీడ ఉందంట గద, మీ బడి పిల్లలు చెప్పిన్రు. ఒక్కసారి చూపెడ్తవా? నిన్ను తిట్టనీకి రాలే బిడ్డా. చూసి పోత."

ప్రయోగశాలలో వినీల తెర వెలిగించింది. నీడ మైదానంలోకి ఉరికింది. బంతి అందుకుని, ఎప్పటిలాగే, సంతోషంతో ఒక్క చుట్టు తిరిగింది. షాహీన్ తెర మీద అరచేయి పెట్టింది.

"గదే. ఇంట్ల గట్లనే తిరిగేది, పాట పెడితే," అంది. చాలాసేపు చూసింది. వెళ్తూ గుమ్మంలో ఆగి, "దీన్ని తుడిచెయ్యకు," అంది.

ఆ సాయంత్రమే వినీల ఓదెలు సార్‌కు సంగతంతా చెప్పింది.

"నియమం తప్పలేదు మనం," అన్నాడు ఆయన. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టుంది.

"నియమంల లేదని తప్పు కాకుంట పోతదా సార్?"

మర్నాడు వినీల మందిరానికి వెళ్లి తన మీద తానే ఫిర్యాదు నమోదు చేసింది. తూకపుకన్ను ఆ మూడు నిమిషాలను తిరగేసి చూడటానికి నాలుగు సెకన్లు పట్టింది. "స్పర్శ లేదు. నిర్బంధం లేదు. దోషం లేదు," అంది. వినీల మళ్లీ నమోదు చేసింది. అదే జవాబు. మూడోసారి, ఇక పరిశీలించనవసరం లేదని చెప్పి ఆపేసింది.

ఆదివారం ఆమె మంచిర్యాలలో జరీనా ఇంటికి వెళ్లింది. ఇంటివాళ్లకే తెరుచుకునే ఆ తలుపు, తల్లి దగ్గరకు వచ్చి నిలబడితేగాని తెరుచుకోలేదు. కూతురు లోపల తలుపు పక్కనే, గోడకు ఆనుకుని కుర్చీలో ఉంది. చిక్కిపోయింది. వినీలను గుర్తుపట్టింది. కోపం కనపడలేదు. కానీ కుర్చీలోనే కొంచెం వెనక్కి జరిగింది.

"నేను తప్పు చేసిన," అంది వినీల. "నిన్నాపుదామనుకున్న, ఆ మూడు నిమిషాలే. గిట్లయితదని తెల్వదు."

షాహీన్ బల్ల మీద చెంబూ గ్లాసూ పెట్టి, "పొద్దటి నుంచి నీళ్లు తాగలే. అడిగితే ఇద్దమని చూస్తున్న. నేను పోస్తే తాగుతది గానీ, అడగది," అని పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

"అడిగేదాకా నేను కూసుంట ఆంటీ," అంది వినీల.

షాహీన్ లోపలికి వెళ్లింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఎండ గుమ్మం దాటి కుర్చీ కాళ్ల దాకా వచ్చింది. వీధిలో బస్సొకటి ఎవరి కోసమో ఆగి వెళ్లింది. గంట గడిచి ఉంటుంది. జరీనా చూపు మెల్లగా చెంబు వైపు తిరిగింది. ఆమె గొంతు కదిలింది. పెదవులు ఒకదాన్నొకటి అంటుకుని, విడిపోయి, ఎన్నో వారాల తర్వాత మొదటిసారిగా ఏదో మాటకు సిద్ధమయ్యాయి.

"నీ..."

ఆమె అక్కడే ఆగిపోయింది. ఆమె చూస్తున్నది వినీల చేతిని. వినీల కూడా చూసుకుంది. గ్లాసు అప్పటికే ఆమె చేతిలో ఉంది, నిండుగా, జరీనా వైపు చాచి. ఎప్పుడు తీసిందో, ఎప్పుడు చెంబు వంచి నింపిందో ఆమెకు తెలియదు.

జరీనా నోరు మూసుకుంది.

వినీల గ్లాసు బల్ల మీద పెట్టింది. కొన్ని నీళ్లు ఒలికాయి. ఆమె రెండు చేతులూ తొడల కిందకు తోసి వాటి మీద బరువుగా కూర్చుంది. అవి నొప్పెట్టేదాకా, మొద్దుబారేదాకా అలాగే కూర్చుంది. చీకటి పడబోతుండగా షాహీన్ వచ్చి ఆమెను లేపి బస్సెక్కించింది.

తర్వాతి ఆదివారం కూడా ఆమె వెళ్లింది. ఆ పై ఆదివారం కూడా. వెళ్లగానే చేతులను కిందకు తోసి కూర్చుంటుంది. జరీనా ఆమె ముఖాన్ని కాదు, ఆ చేతులు ఉన్న చోటునే చూస్తుంది.