వంటింట్లో బుస

బందరులో గిలకలదిండి వెళ్ళే దారిలో, ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో ఓ పాత డాబా ఇల్లుంది. అద్దె తగ్గిస్తామన్నా అందులో ఎవరూ దిగరు. గంగాదేవమ్మ అనే ఒంటరి ముసలావిడ అక్కడే పోయింది. పోయిన సంగతి కూడా ఎవరికీ వెంటనే తెలియలేదు. అప్పట్నుంచీ పొద్దుగూకితే వంటింట్లో ఎవరో మసులుతుంటారని సందంతా చెప్పుకుంటుంది. నవ్వేవాళ్ళు నవ్వండి... నేను మాత్రం చీకటిపడ్డాక అటు వెళ్ళను.

కరోనా రెండోసారి ఊరిమీద పడ్డప్పుడు చేపలమ్మే కనకరత్నాన్ని ఆ ఇంట్లోనే విడిగా ఉంచారు. వాళ్ళుండేది ఒక్క గది ఇల్లు, అందులో కొడుకు దుర్గారావు, కోడలు రోజా, చంటిపిల్ల. పిల్లకి అంటుకుంటుందని ఆవిడే గంప చంకన పెట్టుకుని బయల్దేరింది.

"దెయ్యమా? నా నోటికి అదే పారిపోద్ది" అంది. ఆ ధైర్యమంతా పైకే లెండి!

వెనకే ఆవిడ కుక్క, పిల్లి కూడా వచ్చేశాయి. కుక్క పేరు సింహం, బల్లిని చూసినా మంచం కింద దూరే రకం. పిల్లి పేరు దొరసాని.

జ్వరం తగ్గింది. ముక్కు మాత్రం పోయింది. గంప మీద మూత తియ్యకుండానే ఇవాళ్టి చేపో నిన్నటి చేపో చెప్పేసే ముక్కు అది! ఇప్పుడు చారు వాసనా తెలీదు, కర్పూరం వాసనా తెలీదు. రోజా పూటపూటా క్యారేజీ గేటు పక్కన పెట్టి, గేటవతల నుంచే పలకరించి వెళ్ళిపోయేది. ఆ తర్వాత మళ్ళీ మనిషి గొంతు వినబడదు.

కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే తిరగాలనిపించేది. ఇలాగే ఉంటే పిచ్చెక్కుతుందని ఆవిడకి హడలు. దెయ్యం కంటే ఆ భయమే ఎక్కువ. అందుకని ఖాళీ గంప ముందేసుకుని పిల్లితో బేరాలాడేది.

"ఏం దొరసానీ, పండుగప్పకి ఆ రేటా? పొద్దున్నే వచ్చి నా బోణీ చెడగొడతావా? సింహం, నువ్వు చెప్పరా న్యాయం!"

కుక్క తోకాడించేది. ఆ పూటకి ఆవిడ మనసు నిమ్మళించేది.

ఓ సాయంత్రం చీకటిపడే వేళకి కరెంటు పోయింది. సింహం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గుర్రుమంటోంది. దొరసాని ఒంటిమీద వెంట్రుకలన్నీ నిక్కపొడుచుకున్నాయి. లోపల్నుంచి —

స్స్స్...

పామా? పామైతే బుసకొట్టి ఆగుతుంది. ఇది ఆగడం లేదు.

"ఎవరూ..." అంది కనకరత్నం.

స్స్స్...

నిజంగా వినబడుతోందా, తన బుర్ర తిరిగిందా? ఆవిడ ఒళ్ళంతా చెమట పట్టేసింది. కర్పూరం వెలిగిస్తే ఎంతటి దెయ్యమైనా పరారేనని వాళ్ళమ్మ చెప్పేది. రొంటిన ఉన్న అగ్గిపెట్టె తీసింది. పుల్ల గీసింది... చెమ్మకి అంటుకోలేదు. ఇంకోటి తీసేలోగా సింహం ఎగిరి, చేతిలో అగ్గిపెట్టె నోట కరుచుకుని వీధిలోకి దూసుకుపోయింది!

"ఓరి నీ దుంపతెగ! నీకూ దెయ్యం పట్టిందిరా?" అంటూ పిల్లిని చంకనేసుకుని కనకరత్నం వెనకే పరిగెత్తింది. గేటు దగ్గర క్యారేజీతో రోజా నిలబడి ఉంది.

"అత్తా... ఏంటీ గ్యాసు కంపు?"

కషాయం కాచుకోడానికి దుర్గారావు పెట్టిన గ్యాసు బండ లోపలే ఉంది.

ఇన్నాళ్ళూ గేటు దాటని రోజా, పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. కాసేపటికి దగ్గుకుంటూ వచ్చి అత్తని గట్టిగా వాటేసుకుంది.

"ఎలక ట్యూబు కొరికేసింది. అగ్గిపుల్ల అంటుకునుంటేనా... అమ్మో!"

"అయితే నాకు పిచ్చెక్కలేదే రోజా!" అంటూ కనకరత్నం భోరుమంది. ఏడుస్తూనే నవ్వింది.

"బండ కట్టేసి, పెరటి తలుపు తీసి మంచి పని చేశావత్తా. గ్యాసంతా అటే పోయింది."

కనకరత్నం ఏడుపు ఆగిపోయింది.

"నేను ఇందాక వంటింటి గడపే తొక్కలేదే..."

రోజా అత్త రెక్క పట్టుకుంది.

"ఇంటికి పోదాం పద" గుసగుసగా అంది రోజా. "మన అరుగు మీద పడుకుందువుగాని... పదత్తా."

"ఉండవే. ఇన్నాళ్ళు ఉన్నాను, చెప్పకుండా పోతే బాగోదు."

కనకరత్నం ఇంటివైపు తిరిగి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"గంగాదేవమ్మా... వెళ్ళొస్తానమ్మా!"

లోపల, పెరటి తలుపు మెల్లగా మూసుకుంది. గడియ... టక్‌మని పడింది.