రెండు భాషల సాకు

చిదానంద మోకాలు పోయిన రోజున సిరుగుప్ప మైదానంలో సన్నగా జల్లు పడుతోంది. గోల్ ఎదురుగా ఉంది. కీపర్ అప్పటికే తప్పు వైపు దూకేశాడు. షాట్ కొట్టబోయి బురదలో కూలబడ్డాడు చిదానంద. జిల్లా జట్టు స్ట్రైకర్‌గా అతని ఆట అక్కడితో ఆగిపోయింది.

ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీకి వెళితే అక్కడ ఝాన్సీలక్ష్మి ఉంది. ఆమె నాన్న వెంకటరత్నం హచ్చొళ్ళి దగ్గర, ఆ కన్నడ సీమకు వలస వచ్చిన తెలుగు రైతుల క్యాంపులో వరి పండిస్తాడు. ఆమె మాత్రం తెనాలిలో అమ్మమ్మ దగ్గర చదువుకుని ఈ మధ్యే వచ్చింది. కన్నడం ముక్క రాదు.

“మోకాలు వంచండి. ఇంకా. గోల్స్ కొట్టినాయన ఇంత పిరికి అనుకోలేదండీ!”

“గోల్ కొట్టేటప్పుడు ఎవురూ కాలు పట్టుకోని తిప్పరు మేడం.”

ఆమె నవ్వేది. ఆ నవ్వు కోసం నొప్పి లేని రోజు కూడా అతను “అబ్బా” అనేవాడు.

ఒకరోజు ఆమే అడిగింది. “మా క్యాంపు అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడతారండీ. నేర్పేవాళ్ళు లేరు. సాయంత్రాలు మీరొస్తారా?”

చిదానంద మోకాలి మీది కుట్ల గీత వంక చూసుకున్నాడు. “సాకు మేడం,” అన్నాడు మెల్లగా.

ఝాన్సీ ముఖం ఎర్రబడింది. “సాకా? మిమ్మల్ని చూడ్డానికి నాకు సాకెందుకండీ? రోజూ చూస్తూనే ఉన్నాగా!”

తువ్వాలు బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. తానన్నదాంట్లో తప్పేముందో అతనికి బోధపడలేదు. మర్నాడు ఆమెకు బదులు మీసాలాయన ఒకడు వచ్చి మోకాలు వంచాడు. ఈసారి “అబ్బా” నిజమే.

ఆదివారం క్షమాపణ చెప్పుకుందామని క్యాంపుకు బస్సెక్కాడు. కాలువ పక్క మైదానంలో అమ్మాయిలందరూ గుంపుగా బంతి వెంట పడుతున్నారు. గట్టున ఝాన్సీ విజిల్ పట్టుకుని నిలబడి ఉంది. దారంతా వల్లె వేసుకున్న మాట నోట రాలేదు. వేరేది వచ్చింది.

“అందరూ బాల్ ఎనకాలే ఉరికితే ఎట్లమ్మా? గోలుకాడ ఎవురుండారు? విడిపోండి!”

విడిపోయారు. పాస్ నడిచింది. తన కాలు తగలకుండానే గోల్ పడింది. ఆ సంతోషం అతనికి కొత్త.

ఆనాటి నుంచి సాయంత్రాలు అక్కడే. “మోకాలెలా ఉంది?” అన్న మాట తప్ప ఝాన్సీ ఇంకేమీ మాట్లాడేది కాదు.

ఒక సాయంత్రం వాన మొదలైంది. రౌండ్లు కొట్టలేక గోల్‌కీపర్ హారతి అరిచింది. “సాకు సార్!”

“సాకులు చెప్పకు, పరిగెత్తు,” అంది ఝాన్సీ.

“అది కాదక్కా! కన్నడంలో సాకంటే చాలని!”

గొడుగు కింద నిలబడ్డ ఝాన్సీ చిదానంద వైపు తిరిగింది. “అయితే ఆ రోజు మీరు...”

“నాకు ఆట ఇంక చాలంటి మేడం. మీరేమనుకుంటిరి?”

“ఏమీ అనుకోలేదు.”

“మరి కోపమెందుకొచ్చె?”

“పిల్లలున్నారు, ఊరుకోండి.”

“మీకు సాకు లేదు సరే. నాకుండాది. దినామూ ఈడికి వస్తాండేది కోచింగ్ పేరు పెట్టుకొనే. ఇది తెలుగు సాకు.”

“కన్నడం సాకు ఎప్పుడంటారు?”

“మిమ్మల్ని చూసేదానికా? అది ఎప్పటికీ అనను.”

గొడుగు నెమ్మదిగా అతని వైపు జరిగింది. హారతి విజిల్ అందుకుని గట్టిగా ఊదింది.

అమ్మాయిలు తాలూకా పోటీ గెలిచారు. ఝాన్సీ కన్నడం నేర్చుకుంటోంది. వాళ్ళ నాన్న వెంకటరత్నంగారికి మాత్రం తమ సంగతి ఇద్దరూ ఇంకా చెప్పలేదు.