రెండో షోలో ట్రాంబోన్

ఆ రోజుల్లో రేడియోలో ఒకే కార్యక్రమాన్ని ఒకే రోజు రెండుసార్లు ప్రత్యక్షంగా ప్రసారం చేసేవారు. ముందు న్యూయార్క్ వైపు వాళ్ళకి. మళ్ళీ మూడు గంటలాగి, అప్పుడప్పుడే భోజనాలకు కూర్చునే కాలిఫోర్నియా వాళ్ళకి. అవే పాటలు, అవే జోకులు, అదే సబ్బు ప్రకటన. ఇమోజీన్ అలాంటి ఒక బ్యాండులో గాయని. ఆ మధ్య విరామంలోనే ఆమె బతుకు తలకిందులైపోయింది.

నలభై ఏళ్ళు కావస్తున్నాయి. ఒక వాన సాయంత్రం మేనకోడలు డార్లా కొత్త రికార్డు పట్టుకుని చికాగోలో ఆమె ఇంటికొచ్చింది. పాత రేడియో షోల రికార్డింగుల్లో రొద తీసేసి మళ్ళీ విడుదల చేస్తున్నారట. అట్ట మీద ఇమోజీన్ ఫోటో.

"ఇంత అందగత్తెవని చెప్పలేదేం అత్తా?"

"చెబితే నమ్మే మొహమా నీది? పెట్టు, విందాం."

నవ్వుతూనే అంది ఇమోజీన్.

సూది కింద చిటపటలు. చప్పట్లు. అనౌన్సర్ గొంతు హుషారుగా లేచింది. "పసిఫిక్ తీరపు శ్రోతలకు శుభ సాయంత్రం!"

ఇమోజీన్ కాఫీ కప్పు కింద పెట్టేసి, అట్ట వెనక తేదీ చూసింది. "ఇది రెండో షో. ఆ రోజుదే."

ఆ కథ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. మొదటి షో అయ్యాక, ట్రాంబోన్ అనే పొడవాటి ఇత్తడి బాకా వాయించే వెండెల్ పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఆమెకు ప్రాణమే వాడంటే. అయినా కాసేపు ఏడిపిద్దామని, "రెండో షో అయ్యాక చెప్తాలే. ముందు నాకు వేడివేడి డోనట్లు తెచ్చిపెట్టు" అంది. కోటైనా వేసుకోకుండా వానలోకి పరిగెత్తాడు. రోడ్డు దాటుతుంటే టాక్సీ గుద్దింది. వాడు పోయాడన్న కబురు స్టూడియోకు చేరేసరికి, ప్రసారం మొదలైందని చెప్పే ఎర్రలైటు వెలగబోతోంది. దేశమంతా వింటున్న షో, ఎవరి కోసమూ ఆగదు. "పాడమ్మా" అన్నాడు బ్యాండు పెద్ద, కళ్ళు తుడుచుకుంటూ. పక్కన ఖాళీ కుర్చీ. ఆమె పాడింది. ట్రాంబోన్ వంతు రాగానే పియానో ఒక్కటే ఆ చోటును ఎలాగో నెట్టుకొచ్చింది.

ఇప్పుడా పాటే వస్తోంది. ఆనాటి ఇమోజీన్ గొంతు ఒకచోట జీరబోయింది. ఇక్కడే... పియానో రావాలి.

ట్రాంబోన్ వచ్చింది.

మెల్లగా, మెత్తగా... గదిలో వానకు తడిసిన ఉన్ని బట్టల వాసన కమ్ముకుంది.

"ఎవరత్తా అది?" అడిగింది డార్లా.

"వాడే. ఆ చివరి స్వరాన్ని అలా జారవిడిచేది వాడొక్కడే. దానికెన్ని తిట్లు తినేవాడో..."

స్వరం జారింది. ఆగింది. ఎవరో మైకుకు చాలా దగ్గరగా... ఊపిరి పీల్చారు.

"జీన్... ఏమంటావ్?"

డార్లా సూది తీసేయబోయింది. ఇమోజీన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోకే." రికార్డు వైపు వంగింది. "సరే వెండెల్. అప్పుడే సరే... ఊరికే ఏడిపిద్దామని... అంతేరా..."

చప్పట్లు మోగాయి.

మళ్ళీ పెట్టి విన్నారు. పియానో. ఒట్టి పియానో. అంత్యక్రియల రోజున కూడా అంతలా ఏడవలేదు ఇమోజీన్. వాడు రెండోసారి పోయినట్టనిపించింది ఆమెకు. డార్లా ఆమెను పడుకోబెట్టి, కళ్ళు మూతపడ్డాకే కదిలింది.

మర్నాడు డార్లా మనసాగక రికార్డుల కొట్టుకు వెళ్ళింది. సీలు విప్పని ఇంకో కాపీ తెరిపించి, పెట్టించి వింది. పియానో. పాట అయిపోయింది. చప్పట్లకు ముందు... ఒక ముసలి గొంతు, ఏడుస్తూ. "సరే వెండెల్. అప్పుడే సరే..."

ఆ తర్వాత, మెల్లగా నవ్వుతూ ఒక మగ గొంతు.

"కోటు వేసుకో జీన్. బయట వాన."

డార్లా అత్త ఇంటికి పరిగెత్తింది. ఎండ కాస్తోంది. వాన రాత్రే వెలిసింది. ఇమోజీన్ తన కుర్చీలోనే ఉంది, మెడదాకా గుండీలు పెట్టుకున్న కోటుతో. చెయ్యి పట్టుకుంటే మంచులా చల్లగా ఉంది. మొహంలో మాత్రం చిన్నపిల్ల సిగ్గు.

ఒళ్ళో వానకు తడిసిన కాగితం పొట్లం. అందులో రెండు డోనట్లు, ఒకటి కొరికి ఉంది.

ఇంకా వేడిగానే ఉన్నాయి.