రియాక్టర్ పక్కన కుర్చీ

"యంత్రానికి కాపలా పెట్టిన మనవాడు పోయాడు. గుండెపోటని డాక్టర్లు రాశారు. కాదని మనకు తెలుసు. రేపు అక్కడ నువ్వుండాలి," అన్నాడు చీఫ్.

ఏజెంటు ఫైలు తెరిచాడు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. రిటైరైన సైన్సు మాస్టారొకాయన తన షెడ్డులో చిన్న రియాక్టర్ కట్టాడు. చెత్తలో పారేసిన ప్లాస్టిక్‌ని అందులో గాలి తగలకుండా వేడిచేస్తే ఆవిరవుతుంది. ఆ ఆవిరి చల్లని గొట్టంలో దిగి, పడవల ఇంజన్లు నడిపే నూనెగా కారుతుంది. దాన్ని చూడడానికి దీవుల ప్రతినిధులు వస్తున్నారు. వాళ్ళకి నచ్చిందంటే, ఆ దీవులకు డీజిల్ అమ్ముకునే విదేశీ ముఠా నోట్లో మన్ను పడ్డట్టే. అందుకని అందరి కళ్ళముందే యంత్రాన్ని పేల్చేస్తారట. ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది, ప్రతినిధుల ఇంటర్‌ప్రెటర్‌గా వస్తుంది. ఏజెంటు వేషం మాస్టారి అల్లుడు.

మర్నాడు షెడ్డు నిండా కరిగిన ప్లాస్టిక్ వాసన. రియాక్టర్ కింద బర్నర్ నీలంగా మండుతోంది. ప్రతినిధులు ఎదురుగా కూర్చున్నారు; ఇంటర్‌ప్రెటర్ కుర్చీని మాత్రం ఫోటోగ్రాఫర్లు రియాక్టర్ పక్కకి జరిపారు. ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న ఇంటర్‌ప్రెటర్, చూసినవాడు చూపు తిప్పుకోలేనంత అందంగా, అతని పక్కకొచ్చింది.

"వానొచ్చేలా ఉంది."

"గొడుగు ఇంట్లో మరిచిపోయాను," అన్నాడు అతను. కోడ్ కలిసింది.

"అల్లుడుగారూ, ఏమిటా చెమట?" అన్నారు మాస్టారు.

"వేడికి, మామయ్యగారూ."

గుడ్డతో రియాక్టర్‌ని తుడుస్తున్నట్టు నటిస్తూ చేతి వాచీని దానికి ఆనించాడు. లోపలి ప్రెజర్ చూపే వాచీ అది. రియాక్టర్ మీది గేజ్‌లో ముల్లు కింద నిద్రపోతుంటే, వాచీలో అంకె ఎర్ర గీత వైపు పరుగెడుతోంది. నూనె కారడం ఆగిపోయింది. గొట్టం ఎవరో మూసేశారు. తలెత్తి చూశాడు. ప్రెజర్ మించితే ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్‌ని ఇనుప తీగతో బిగించి కట్టేశారు.

పారిపోవాలనిపించింది. అయినా బర్నర్ గ్యాస్ కట్టేద్దామని అడుగేశాడు. పక్కటెముకల్లో ఏదో గట్టిగా గుచ్చుకుంది. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్.

"కదలకండి. నేను రెండు వైపులా పనిచేస్తాను. ఇవాళ వాళ్ళ వంతు."

అతను గుమ్మం వైపు చూశాడు. ఫోటోగ్రాఫర్ల వేషంలో వచ్చిన ముఠావాళ్ళు ఒక్కొక్కరే జారుకుని బయట కాంక్రీటు గోడ చాటుకి చేరుతున్నారు.

"మీవాళ్ళంతా గోడ చాటున నక్కారు. మీ కుర్చీ మాత్రం రియాక్టర్ పక్కనే వేశారు. ఎందుకో అడిగారా?" అన్నాడు.

ఆమె గోడ వైపు చూసింది. కుర్చీ వైపు చూసింది. పిస్టల్ దించింది.

"పొగ మాత్రమే వస్తుందన్నారు," అంది సన్నగా.

అతను వాచీ చూపించాడు. అంకె గీత దాటింది. రియాక్టర్ గోడ మూలిగింది.

ఆమె ఒక్క గెంతులో వెళ్ళి గ్యాస్ కట్టేసింది. అతను నిచ్చెనెక్కి, బూటు మడమలో దాచిన కటర్ లాగాడు. రెండుసార్లు తీగ తప్పింది. మూడోసారి తెగింది.

వాల్వ్ నుంచి కప్పు దాటిన గొట్టంలోంచి తెల్లటి ఆవిరి చెవులు చిల్లులుపడేలా ఈలవేస్తూ ఆకాశానికి లేచింది. వాచీలో అంకె దిగిపోయింది. ఏజెంటు నిచ్చెన మీదే కూలబడ్డాడు. బయట మాటువేసిన చీఫ్ మనుషులు గోడ చాటువాళ్ళని పట్టుకున్నారు. ఆమె బేడీలకు తనే చేతులు చాచింది.

ప్రతినిధులు ఇదంతా ప్రదర్శనలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆర్డరిస్తూ మాస్టారిని ఒక్కటే కోరారు: తమకి ఆ ఈల వేసే మోడలే కావాలని.